పత్రరంధ్రములు, గణకయంత్రము, బెట్ట: ఒక నమూనాపై విమర్శ

జనగామ చుట్టుపట్ల ఎర్ర చల్కలలో పత్తి వేసిన రైతునకు ఆగస్టు మాసపు బెట్ట క్రొత్తది కాదు. రెండు వారములు వాన మొగము చాటుచేసినచో మధ్యాహ్నమునకు ఆకులు వ్రేలాడును. ప్రొద్దు క్రుంకిన పిదప తేరుకొనును. మహబూబాబాదు వైపు మిరప చేలలోను ఇదే దృశ్యము. భూపాలపల్లి దిక్కున, నల్లరేగడి ఉన్నచోట, నేల నీటిని మరికొంతకాలము పట్టి ఉంచును గనుక ఆకు వ్రేలాడుట కొన్ని దినములు ఆలస్యమగును. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా విభజనతో వేరు జిల్లాలైన ఈ మూడు ప్రాంతములకు పత్తి ఉమ్మడి పంట. ఆకు వ్రేలాడుటను రైతు చూచును. అంతకు ముందే, ఆకు ఇంకను నిలిచి ఉన్నపుడే, దాని అడుగు పొరలో జరిగిపోయిన పని మాత్రము కంటికి కనబడదు. ఆ పనిని గణకయంత్రముపై, అనగా కంప్యూటరుపై, నడిపి చూపిన ఒక ప్రసిద్ధమైన నమూనా గలదు. అది ఎంతవరకు నమ్మదగినది, ఎచ్చట నమ్మరానిది అనునదే ఇచ్చట విచారింపవలసిన విషయము.

ఆకు అడుగున పత్రరంధ్రములు ఉండునని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. ఒక్కొక్క రంధ్రమునకు ఇరుప్రక్కల చిక్కుడు గింజలవంటి రెండు రక్షక కణములు ఉండును. అవి నీటితో ఉబ్బినచో రంధ్రము తెరచుకొనును. నీరు కోల్పోయి సడలినచో మూసికొనును. తెరచి ఉన్నంతసేపు బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చును, నీటి ఆవిరి బయటికి పోవును. ఒక అణువు బొగ్గుపులుసు వాయువును సంపాదించుటకు పత్తివంటి మొక్క కొన్ని వందల నీటి అణువులను వెచ్చించును. మొక్కకు ఇది గడ్డు బేరము. తెరచినచో దాహము, మూసినచో ఆకలి.

నేలలో తేమ తగ్గినపుడు ఈ తలుపులు మూయుమని చెప్పు రసాయనము పేరు అబ్‌సిసిక్ ఆమ్లము. దీని చరిత్రకు పత్తితో చుట్టరికము ఉన్నది. 1963లో కాలిఫోర్నియాలో ఆడికాట్ బృందమువారు ఒక పదార్థమును పత్తి లేతకాయలనుండి వేరుచేసిరి. గూడ, కాయ రాలుటకు ఇదే కారణమని తలచి దానికి రాలుట అను అర్థము వచ్చు లాటిను మాటనుండి పేరు పెట్టిరి. 1969లో వాడిన గోధుమ ఆకులలో ఈ ఆమ్లము పెక్కురెట్లు పెరుగునని తెలిసినది. కాయలు రాల్చుటకంటె ఆకులోని నీటిని కాచుటయే దీని ముఖ్యమైన పని అని క్రమముగా తేలినది. పేరు మాత్రము పాతదే నిలిచినది; శాస్త్రములో ఇట్టి తప్పు పేర్లు చాలా ఉన్నవి.

ఇక అసలు ప్రశ్న. ఆమ్లపు అణువు రక్షక కణమును చేరుటకును, ఆ కణము సడలుటకును నడుమ ఏమి జరుగును? కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను ఎరిగిన ప్రాంతమువారికి ఒక పోలిక చెప్పవచ్చును. పై చెరువు నిండి అలుగు పారినచో క్రింది చెరువు నిండును. కణములోను అట్లే ఒక అణువు మరియొక దానిని మేల్కొల్పును, అది ఇంకొక దానిని. దీనిని సంకేత మార్గము అందురు. ఐతే పోలిక ఇచ్చటితో ఆగవలెను. క్రింది చెరువు నీరు ఎన్నడును పై చెరువునకు ఎక్కదు. కణములో మాత్రము క్రింది అణువు పైదానిని ఆపగలదు, లేదా మరింత పురికొల్పగలదు. పైగా ఒక అణువునకు నాలుగు అలుగులుండును. ఒక అలుగు మూసినను మరొక దారిన సంకేతము సాగిపోవును. ఇట్టి వలలో ఒక ముడిని కత్తిరించినచో ఏమగునో మనస్సులో ఊహించి చెప్పుట ఎంతటివానికైనను సాధ్యము కాదు. అందుకే గణకయంత్రము కావలసివచ్చినది.

ఇట్టి వలలను లెక్కకు తెచ్చుటకు రెండు దారులు గలవు. మొదటిది ప్రతి రసాయన చర్యకు దాని వేగమును తెలిపి, సమీకరణములు వ్రాసి, సాధించుట. 1999లో బెంగుళూరులోని జాతీయ జీవవిజ్ఞాన కేంద్రమునకు చెందిన ఉపీందర్ భల్లా, అమెరికాలోని రవి అయ్యంగార్ కలిసి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ దారిలో మైలురాయి. ఈ దారిలో చిక్కు ఒకటే: వేగముల విలువలు తెలిసి ఉండవలెను. రక్షక కణపు విషయములో ఆ విలువలలో అధికభాగము తెలియవు. రెండవ దారి పందొమ్మిదవ శతాబ్దపు గణితవేత్త జార్జ్ బూల్ తర్కమును ఆశ్రయించును. ప్రతి అణువు మేల్కొని ఉన్నదా, నిద్రలో ఉన్నదా అన్న రెండే స్థితులు. ఎంత అన్న ప్రశ్న లేదు. 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమునుండి సాంగ్ లీ, సారా ఆస్‌మన్, రేకా ఆల్బర్ట్ అను ముగ్గురు ‘ప్లాస్ బయాలజీ’ పత్రికలో వెలువరించిన పత్రరంధ్ర నమూనా ఈ రెండవ జాతికి చెందినది. వీరిలో ఆస్‌మన్ వృక్షశాస్త్రజ్ఞురాలు. ఆల్బర్ట్ వలల గణితములో పేరుపొందిన భౌతికశాస్త్రజ్ఞురాలు.

నమూనా పనిచేయు తీరును దానిలోని చివరి నియమమే చక్కగా చూపును. ఋణ అయానులు కణమునుండి వెడలుచుండవలెను. పొటాసియం బయటికి పోవు రెండు ద్వారములలో ఏదో ఒకటి తెరచి ఉండవలెను. ఆక్టిన్ అను సన్నని పోగులు సర్దుకొనవలెను. మాలేటు అను పదార్థము ఉండరాదు. ఈ నాలుగును కుదిరినచో రంధ్రము మూసికొన్నట్లు, ఏ ఒక్కటి తప్పినను మూయనట్లు. నలుబదికి పైగా ఉన్న అంగములకు ఇట్టి వాక్యములే వ్రాసి యంత్రమునకు అప్పగించిరి. పదవ తరగతి విద్యార్థి ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అను మూడు మాటలతో కాగితముపై ఇట్టివి నాలుగైదు వ్రాసి నడపగలడు. నలుబది అంగములైనచో కాగితము చాలదు. ఒక్కొక్కటి రెండు స్థితులలో ఉండగలదు గనుక 2ను నలుబదిసార్లు హెచ్చవేయవలెను. ఫలము లక్ష కోట్లు దాటును.

వేగములు తెలియవను లోపమును రచయితలు ఒక ఉపాయముతో దాటిరి. ఏ అంగము ముందు మారునో, ఏది వెనుక మారునో తెలియదు గనుక, ప్రతి మారును చీట్లు తీసినట్లు క్రమమును యాదృచ్ఛికముగా మార్చి, మొత్తము నమూనాను పదివేలసార్లు నడిపించిరి. పదివేలలో ఎన్నిసార్లు రంధ్రము మూసికొన్నది అన్నదే జవాబు. తరువాత ఒక్కొక్క అంగమును తీసివేసి మరల పదివేలసార్లు. తమకు తెలియనిదానిని దాచక, దానినే లెక్కలో ఒక భాగముగా చేసికొన్న ఈ నిజాయితీ నమూనాకు పెద్ద బలము.

వచ్చిన ఫలితము ఆశ్చర్యకరమైనది. చాలా అంగములను తీసివేసినను మూతకు పెద్దగా భంగము కలుగలేదు. కొన్నింటిని తాకినపుడు మాత్రము వల కూలినది, లేదా బలహీనపడినది. కణపు పొరయొక్క విద్యుత్ స్థితి మారుట, ఋణ అయానులు వెడలుట, ఆక్టిన్ సర్దుబాటు, ఫాస్ఫాటిడిక్ ఆమ్లపు మార్గము, పొటాసియం నెమ్మదిగా తెరచు ద్వారము, మరియు కణద్రవ్యములో క్షారత్వము పెరుగుట అనునవి అట్టివి. ఈ చివరిదానిని వారు ప్రయోగశాలలో పరీక్షించిరి. బ్యూటిరేటు అను బలహీనామ్లపు లవణమును ఇచ్చి కణద్రవ్యము క్షారము కాకుండ అడ్డగించిరి. అబ్‌సిసిక్ ఆమ్లమిచ్చినను మూత తగ్గినది. యంత్రము చెప్పినదానితో ఈ ఫలితము ఏకీభవించుచున్నదని, ఇది తొలి పరీక్ష మాత్రమేనని వారు జాగ్రత్తగా వ్రాసిరి.

ఈ చోట తెలుగునాటి పరిశోధనను తలచుకొనవలెను. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఏ. ఎస్. రాఘవేంద్ర శిష్యబృందము పత్రరంధ్రములపై ఏండ్ల తరబడి పనిచేసినది. ఆయనకు ఈ విద్యలో గురువు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఆచార్య వి. ఎస్. రామదాసు. 2004లో రాఘవేంద్ర బృందము ఫ్రాన్సు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ‘ప్లాంట్ ఫిజియాలజీ’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించినది. అరబిడాప్సిస్ అను ఆవజాతి చిన్నమొక్కపైనను, బఠాణీ ఆకు పొరపైనను చేసిన ప్రయోగములవి. కణములో క్షారత్వము మారినపుడు ఒక తీరున, హైడ్రొజన్ పెరాక్సైడు వంటి చురుకైన ఆక్సిజన్ రూపములు పుట్టినపుడు మరొక తీరున వెలుగు రంగులను రక్షక కణములలోనికి పంపి, ఏది ముందు వెలిగినదో కాలక్రమములో చూచిరి. క్షారత్వము ముందు పెరుగును, చురుకైన ఆక్సిజన్ తరువాత పుట్టును అని తేలినది. 2008లో అదే ప్రయోగశాలనుండి మరొక సంగతి వెలువడినది: బఠాణీలో నైట్రిక్ ఆక్సైడు పుట్టుట కూడ క్షారత్వము పెరిగిన తరువాతనే.

వలలో బాణపు గుర్తు గీయుట సులభము. దాని మొన ఏ వైపునకు ఉండవలెనో చెప్పుట కష్టము. రెండు వస్తువులు కలిసి పెరిగినంత మాత్రమున ఒకటి కారణము, రెండవది కార్యము కాజాలవు. ఏది ముందు, ఏది వెనుక అని గడియారము పట్టి చూపిన ప్రయోగమే బాణమునకు మొనను ఇచ్చును. పెన్సిల్వేనియా నమూనాలో క్షారత్వము ఆక్సిజన్ రూపములను పుట్టించు ఎంజైమునకు పైమెట్టున ఉన్నది; హైదరాబాదు ప్రయోగములు చూపిన క్రమమును అదే. యంత్రము ఎంత పెద్దదైనను ఆ క్రమమును తనంతట కనుగొనలేదు. ఎవరో ఒకరు ఆకు పొర ఒలిచి, సూక్ష్మదర్శినివద్ద కూర్చుండి చూచినదే దానికి ఆహారము.

ఇదే సంగతి నమూనాపై మొదటి ఆక్షేపణకు దారితీయును. బ్యూటిరేటు పరీక్షను యంత్రపు జోస్యము నిజమగుటకు నిదర్శనముగా చెప్పుట పరిపాటి. కాని 2004 వ్యాసములోనే, జాస్మొనేటు అను మరొక వృక్షరసాయనము కలిగించు మూతను బ్యూటిరేటు అడ్డగించునని చూపబడి ఉన్నది. క్షారత్వము ముఖ్యమైనదని రంగములోనివారు అంతకు ముందే అనుమానించుచుండిరి. కనుక యంత్రము చెప్పినది చీకటిలో చూచి చెప్పినది కాదు. సగము జవాబు తెలిసిన ప్రశ్నకు జవాబు. దాని నిజమైన క్రొత్తదనము వేరొకచోట ఉన్నది. నలుబది అంగములలో ఏవి ముఖ్యమో, ఏవి అముఖ్యమో వరుస నిర్ణయించినది. ఆ వరుసలో క్రిందికి వచ్చిన అంగములను కూడ అంతే శ్రద్ధగా పరీక్షించి ఉన్నచో జోస్యపు విలువ ఇంకను బాగుగ తెలిసి ఉండెడిది. పెద్దదని చెప్పినది పెద్దదేనా అని చూచుట సగము పరీక్ష. చిన్నదని చెప్పినది చిన్నదేనా అని చూచుట మిగిలిన సగము.

రెండవ ఆక్షేపణ కాలమును గూర్చినది. నమూనాలో మెట్లు ఉన్నవి, నిమిషములు లేవు. ఎన్ని మెట్లలో మూసికొనునో అది చెప్పును. మెట్టు అనగా అర నిమిషమా, పది నిమిషములా? సమాధానము లేదు. బెట్టలో ఉన్న పత్తికి ఈ తేడా చిన్నది కాదు. ఉదయము తొమ్మిది గంటలకే మూసికొన్న ఆకు ఆ దినపు ఆహారములో అధికభాగమును వదులుకొనును. పదకొండింటికి మూసికొన్నది కొంత సంపాదించి మూసికొనును. మూయుట ఇద్దరికి సమానమే, కాయ నిండుట సమానము కాదు.

మూడవది పరిమాణము. రంధ్రము మూసినదా లేదా అన్న రెండు మాటలే నమూనాకు వచ్చును. ఆకుపై సగము తెరచినవి, పావు తెరచినవి ఉండును. ఒకే పొరలో ప్రక్కప్రక్కన ఉన్న రెండు రంధ్రములు కూడ ఒకే తీరున ఉండవు. పదివేలసార్లు నడిపినపుడు వచ్చు శాతమును ఈ వైవిధ్యముతో పోల్చవచ్చునని అనిపించును. కాని ఆ శాతము శాస్త్రజ్ఞుల అజ్ఞానమునకు కొలత. ఆకులోని తేడాలకు కొలత కాదు. ఈ రెంటిని ఒకటిగా బోధించు ఉపాధ్యాయుడు విద్యార్థిని పొరబాటు దారి పట్టించినవాడగును.

ఇంకొకటి. వెలుతురు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, ఎండ వేడిమి, గాలి పొడిదనము అనునవి ఈ వలలోనికి రాలేదు. మే మాసపు జనగామ మధ్యాహ్నమును అబ్‌సిసిక్ ఆమ్లము ‘ఉన్నది’ అన్న ఒక్క మాటగా మార్చుట పెద్ద సంక్షేపము. రచయితలకు ఇది తెలియదని కాదు. 2014లో ఆస్‌మన్, ఆల్బర్ట్ బృందమే వెలుతురుకు రంధ్రము తెరచుకొను తీరుపై వేరొక నమూనాను, రెండు స్థితులకు బదులు పెక్కు స్థాయిలతో, నిర్మించినది. రెండు నమూనాలు వేర్వేరుగా ఉన్నవి. ఆకు మాత్రము ఒక్కటే.

ఈ ఆక్షేపణలను విని నమూనాను త్రోసివేయువారు తొందరపడినవారే. దీనికి 2009 నాటి సంగతి నిదర్శనము. అబ్‌సిసిక్ ఆమ్లమును ముందుగా పట్టుకొను గ్రాహక ప్రోటీనులను ఆ ఏట కాలిఫోర్నియాలో కట్లర్ బృందము, జర్మనీలో గ్రిల్ బృందము వేర్వేరుగా కనుగొన్నవి. ఆమ్లము గ్రాహకమును చేరును. అంతవరకు ఒక కైనేజును అణచి ఉంచిన ఫాస్ఫటేజు ప్రక్కకు తొలగును. కైనేజు మేల్కొని ఋణ అయానుల ద్వారమును తెరపించును. ఈ వెన్నెముకను వివరించు సమీక్షను 2010లో రాఘవేంద్ర, గ్రిల్, వారి సహచరులు కలిసి వ్రాసిరి. అనగా 2006 నమూనాకు మొదటి మెట్టు ఏదో తెలియదు! గుమ్మము ఎచ్చటనో తెలియకుండగనే ఇంటి పటము గీసినట్లు. ఐనను ఆ పటములో వంటిల్లు, బావి చాలవరకు ఉన్నచోటనే ఉన్నవి. వల యొక్క ఆకృతి తెలిసినచో కొన్ని వివరములు తెలియకున్నను ఫలితము చాలవరకు నిలుచును అన్నది ఈ పద్ధతిలోని సారము. దానికి ఇంతకంటె మంచి పరీక్ష కోరినను దొరకదు.

2017లో ఆల్బర్ట్, ఆస్‌మన్ తమ సహచరులతో క్రొత్త నమూనాను వెలువరించిరి. గ్రాహకములు ఇందులో చేరినవి. ముడులు 84, బాణములు 156. దానికి సాధ్యమైన స్థితుల సంఖ్య ఒకటి ప్రక్కన 24 సున్నలు పెట్టినదానికంటెను ఎక్కువ. ఈ వ్యాసములో మెచ్చుకొనదగిన విషయము సంఖ్యల పెద్దదనము కాదు. అదివరకు జరిగిన ప్రయోగములతో నమూనా 82 సందర్భములలో ఏకీభవించినదని, 17 సందర్భములలో విరుద్ధముగా నున్నదని వ్యాసపు మొదటి పుటలోనే చెప్పిరి. తప్పినవాటిని అనుబంధములో దాచలేదు. అంతేకాక ఆ తప్పులను ఒకచోట పేర్చి చూచి, కణములోని కాల్షియంపై ఆధారపడిన, ఇంతవరకు ఎవరును గుర్తింపని ఒక ప్రత్యావర్తన మార్గము ఉండవచ్చునని ఊహించిరి. అది నిజమైనచో మరి పది ప్రయోగములతో పొత్తు కుదురును. తన తప్పులనుండి క్రొత్త ప్రశ్నను పుట్టించిన నమూనా, అన్నియు ఒప్పులే చూపు నమూనాకంటె ఎక్కువ ఉపయోగకరము. రంగురంగుల బాణములతో గోడకు వ్రేలాడదీసిన పటములలో ఎన్నింటికి ఇట్టి 17 తప్పుల పట్టిక జత చేయబడి ఉన్నదో ఉపాధ్యాయులు ఆలోచింపవచ్చును.

ఐనను కాలము, పరిమాణము అన్న రెండు ఆక్షేపణలు 2017లోను చాలవరకు నిలిచియే ఉన్నవి. వాటికి జవాబు వేరొక దిక్కునుండి వచ్చినది. 2012లో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయములో బ్లాట్ బృందము ‘ఆన్‌గార్డ్’ అను నమూనాను ప్రకటించినది. అందులో పొరల ద్వారములు, పంపులు, వాటిగుండ పోవు అయానుల లెక్క, కణపు ఘనపరిమాణము, రంధ్రపు వెడల్పు అన్నియు కొలతలతో ఉన్నవి. గంటలు, నిమిషములు ఉన్నవి. కాని సంకేతములను మోయు అణువుల వల అందులో పలుచన. ఒకరికి ఆజ్ఞలు తెలియును, గడియారము లేదు. మరియొకరికి గడియారము ఉన్నది, ఆజ్ఞలు తెలియవు. పత్తి రైతునకు పనికివచ్చు నమూనా ఈ రెండును కలిసినపుడు గాని పుట్టదు. పుట్టినను అది అరబిడాప్సిస్ కొలతలతో కాక పత్తి కొలతలతో నిండి ఉండవలెను. బెట్టను తట్టుకొను వంగడము ఇదిగో గణకయంత్రము చూపినది అని ఎవరైన ప్రకటించినచో అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఏ మొక్క కొలతలతో?

ఈ కొలతలలో తొలిమెట్టు ఉన్నత పాఠశాలలోనే సాధ్యము. పత్తి చేలలో కలుపుగా మొలచు వెన్నదేవికూర ఇందుకు మిక్కిలి అనుకూలము. దాని ఆకు అడుగు పొర చేతితో ఒలిచినను వచ్చును. దాని జాతిలోనే మరొక మొక్కపై పత్రరంధ్ర శాస్త్రములో ఎన్నో ప్రయోగములు జరిగినవి. పత్తి ఆకు పొర అట్లు రాదు గనుక దానికి గోళ్ళరంగు పూసి, ఆరిన పిదప పారదర్శకపు అంటుకాగితముతో లేవనెత్తినచో రంధ్రముల అచ్చు దొరకును. ఉదయము ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, సాయంకాలము నాలుగింటికి ఒకే మొక్కనుండి, ఒకే ఎత్తున ఉన్న ఆకులనుండి అచ్చులు తీసి, సూక్ష్మదర్శిని క్రింద నూరు రంధ్రములలో ఎన్ని తెరచి ఉన్నవో, ఎన్ని సగము మూసికొన్నవో, ఎన్ని పూర్తిగా మూసికొన్నవో వ్రాసికొనవలెను. వాన కురిసిన మూడవ దినమున ఒకమారు, బెట్ట పట్టిన పండ్రెండవ దినమున మరొకమారు. జనగామ చల్కలో ఒక బడి, మహబూబాబాదు మిరప చేల నడుమ ఒక బడి, భూపాలపల్లి రేగడిలో ఒక బడి ఒకే దినములలో ఈ పని చేసినచో మూడు పట్టికలు వచ్చును. వాటిలో ‘సగము’ అన్న గడి ఎంత నిండునో చూడవలెను. 2006 నమూనాలో ఆ గడి లేదు.